తెల్లవారుజాము నిల్వ

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడికి మార్చి 31 నాటి నిల్వ మీద పెద్ద గౌరవం ఉండదు. ఆ ఒక్క సాయంత్రం కోసం డిపాజిట్లు ఎక్కడెక్కడినుంచో వచ్చి చేరడం, ఏప్రిల్ మొదటి వారంలో వచ్చిన దారినే వెళ్ళిపోవడం కళ్ళారా చూసినవాళ్ళం. మా పేట చెరువుకు కూడా ఇలాంటి ముస్తాబు ఒకటుందని నాలుగేళ్ళ క్రితం తెలిసింది. చెరువు అయితే ఆ ముస్తాబు రోజూ చేసుకుంటుంది.

మాది దక్షిణ బెంగళూరు. తాతల నాటినుంచీ ఇక్కడే. ఇంట్లో చెరువు అంటాం, వీధిలోకొస్తే కెరె అంటాం. తూము ఇంకా ఉంది గాని దాని కింద తడవాల్సిన పొలాలు లేవు, అపార్ట్‌మెంట్లున్నాయి. తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీరు వదలాలో చూసే నీరుగంటిని మా నాన్న ఎరుగును. నేనెరగను.

నేను బి.కాం. వాణ్ణి. నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలవడం ఒక కెమిస్ట్రీ లెక్చరరు మిత్రుడు నేర్పాడు. 1888లో విన్‌క్లర్ అనే హంగేరీ శాస్త్రజ్ఞుడు చెప్పిన పద్ధతే. బుడగ లేకుండా సీసా నింపి రెండు మందులు వేస్తే, ప్రాణవాయువున్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే మడ్డి తెల్లగా ఉంటుంది. తరువాత ఆమ్లం వేసి కరిగించి, చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. లెక్కపెట్టడం నాకు కొత్త కాదు.

మొదటి నెల మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే లీటరుకు 11 మిల్లీగ్రాములు వచ్చింది. చేపలకు కనీసం 4 ఉంటే చాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. సంతోషించబోతుంటే మిత్రుడు ఆపాడు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్ళో, 25 డిగ్రీల వేడిలో నీరు గాలినుంచి తీసుకోగలిగేది సుమారు 7.4 మాత్రమే. మిగతాది ఎవరు వేశారు? గుమాస్తా ఖాతాలో ఉన్నట్టుండి లక్షలు జమైతే మేం అడిగే ప్రశ్నే అది. వేసింది పచ్చని నాచు. మురుగునీటి ఎరువు తిని బలిసి, ఎండలో ప్రాణవాయువు వదులుతుంది. చీకటి పడ్డాక అది కూడా పీల్చుకునే పనిలోనే ఉంటుంది. అడుగు బురదలో కుళ్ళేది ఎలాగూ పీలుస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున ఐదున్నరకు కొలిచాను. 2.1. చేప బతకాల్సింది ఈ నిల్వ మీద.

చెరువు కాంట్రాక్టుదారు నా సీసాలు చూసి నవ్వాడు.

"ఇదంతా ఎందుకు సార్? తెల్లారకముందే కట్టమీద నిలబడండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆ పొద్దు నేను మేత వెయ్యను."

అతని పరీక్ష నాదానికంటే చవక. కాని అర్జీకి జతచేయడానికి వీల్లేదు.

కార్యాలయంవాళ్ళు నెలకోసారి పదకొండు, పదకొండున్నర మధ్య వచ్చి నమూనా పట్టుకెళతారు. కట్టమీది బోర్డులో ప్రాణవాయువు తృప్తికరం అని ఉంటుంది. అబద్ధం కాదు, ఆ వేళకు అంతే ఉంటుంది. పెందలాడే రమ్మని అర్జీ పెడితే, నమూనాల సేకరణ పనివేళల్లోనే అని జవాబొచ్చింది. బ్యాంకువాణ్ణి, పనివేళల సంగతి నాకూ తెలుసు. ఆడిటరు మాత్రం చెప్పకుండా, తాళాలు తీసే వేళకే వస్తాడు.

2016 మార్చిలో అలసూరు చెరువులో వేలకొద్దీ చేపలు చచ్చి తేలినప్పుడు పేపర్లు నిండిపోయాయి. మాది చిన్న చెరువు, పేపరుకెక్కలేదు. కిందటేడు వానాకాలంలో మూడు రోజులు మబ్బు విడవలేదు. ఎండ లేక నాచు జమ వెయ్యలేదు, ఖర్చు మాత్రం ఆగలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి గట్టు పొడుగునా తెల్లటి పొట్టలు. కాంట్రాక్టుదారు గంపలతో ఎత్తి గుంటలో పూడుస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. తొమ్మిదింటికి ఎండ కాసింది. మధ్యాహ్నానికల్లా అంకె మళ్ళీ 5 దాటింది.

రెండో అర్జీ కన్నడంలో రాశాను, నోటుపుస్తకం నకలు జతచేసి. నెలకొక్క రోజు సూర్యోదయానికి ముందు సీసా నింపమన్నాను, అంతే. నంబరు వేసి రసీదు ఇచ్చారు. ఆనాటి పేజీలోనే అతికించాను, 1.4 పక్కన.