హుస్సేన్ సాగర్ మీద తెరచాపలు

హైదరాబాదు వెళ్ళి హుస్సేన్ సాగర్ చూడకుండా తిరిగి వచ్చేవారు అరుదు. ట్యాంక్ బండ్ మీద బస్సులో పోతూ కిటికీలో నుండి అయినా ఆ నీటిని, మధ్యలో నిలిచిన బుద్ధ విగ్రహమును చూచే ఉంటారు. 1990లో ఆ విగ్రహమును నీటి మీద తరలిస్తుండగా అది మునిగిపోయినదనీ, కొందరు ప్రాణములు కోల్పోయారనీ, 1992లో దానిని మరల పైకి తీసి నిలబెట్టారనీ పెద్దలు చెప్పుకుంటారు. అయితే ఆ సరస్సు మీద శని, ఆదివారములలో కదిలే చిన్న చిన్న తెల్లని తెరచాపలను గమనించినవారు తక్కువ. గమనించినవారు కూడా అవి ధనవంతుల షికారు పడవలని అనుకొని ఊరుకుంటారు. నిజమునకు అవి పందెపు పడవలు. వాటికి ఇంజను ఉండదు, తెడ్డు వేయరు. గాలియే వాటికి బలము.

ఈ సరస్సు నిన్న మొన్నటిది కాదు. 1562 ప్రాంతములో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలములో తవ్వించినది. ఒకప్పుడు నగరమునకు మంచినీళ్ళిచ్చిన చెరువు ఇది. ఇప్పుడు దీని ఒడ్డున తెరచాప పడవల సంఘములు ఉన్నాయి. సికింద్రాబాదులోని సైన్యపు ఇంజినీర్ల విభాగమునకు చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఒకటి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఇంకొకటి. 2009లో మొదలైన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మరొకటి. ఏటా వర్షాకాలములో దేశము నలుమూలల నుండి పడవవారు ఇక్కడికి వస్తారు. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా అనే పోటీలు ఆ రోజులలోనే జరుగుతాయి. ఎందుకు వర్షాకాలమే అంటారా? నైరుతి ఋతుపవనాలతో పడమటి గాలి బలముగా వీచేది అప్పుడే గనుక.

ఆదివారము నాకు వేరే పని ఉంటుంది గనుక నేను ఒక శనివారము వెళ్ళాను. సికింద్రాబాదు స్టేషనులో ఎంఎంటీఎస్ రైలెక్కి సంజీవయ్య పార్కు దగ్గర దిగితే సరస్సు ఎదురుగానే ఉంటుంది. ఒడ్డున పిల్లలు లైఫ్ జాకెట్లు బిగించుకొని పడవలు దింపుతున్నారు. పడవను చక్రాల బండి మీద నీటి దాకా తోసుకొని రావాలి. ఒక్కరికి అది కష్టము. అందుచేత ఒకరి పడవను ఇంకొకరు పట్టుకుంటారు. మరి కొద్దిసేపటికి పందెములో పోటీ పడేది వారిద్దరే!

పడవలకు సాయము పడుతున్న ఒక పెద్దాయనను పలకరించాను. "బాబూ, ఇంత చిన్న పిల్లలు పడిపోతే ఎట్లా?" అని అడిగాను. ఆయన నవ్వి, "పడుతరు సార్. పడకుంట ఎట్లుంటరు? మా దగ్గర ముందుగాల నేర్పేదే పడుడు. పడవ బోల్తా కొట్టినంక మల్ల నిలవెట్టుడు వచ్చిందంటే భయం పోతది. భయం పోయినంకనే గాలి సంగతి చెప్తం" అన్నాడు. నీటి మీద కూర్చోబెట్టే ముందు నీటిలో నుండి లేవడము నేర్పుతారన్నమాట. ఆ మాట నాకు చాలా నచ్చినది.

పిల్లల పడవ పేరు ఆప్టిమిస్ట్. ఆశ కలవాడు అని దాని అర్థము. చూడడానికి స్నానపు తొట్టిలా ఉంటుంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ అనే ఊరిలో, క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రి దీనిని రూపొందించాడు. ఆ ఊరి పిల్లలు తండ్రుల సాయముతో ఇంటి దగ్గరే చేసుకోగలిగిన చవకైన పడవ కావాలని పెద్దలు అడిగారు. ప్లైవుడ్ పలక పొడవు 8 అడుగులు గనుక పడవను అంతకు కొంచెము తక్కువగా పెట్టాడు. బరువు 35 కిలోలు. 15 ఏండ్ల వయస్సు వరకు పిల్లలు దీనిలో పందెములాడతారు. ఆ తరువాత లేజర్ అనే పడవకు మారతారు. కెనడా దేశస్థుడు బ్రూస్ కిర్బీ గీచిన ఆ పడవ పొడవు 4 మీటర్ల పైచిలుకు. 1996 నుండి అది ఒలింపిక్స్‌లో కూడా ఉన్నది. దానినే ఇప్పుడు ఐఎల్‌సీఏ అని పిలుస్తున్నారు.

గోదావరి తీరమువారికి, సముద్రపు పల్లెలవారికి తెరచాప కొత్త కాదు. గాలి వెనుక నుండి వీస్తే నావ ముందుకు పోతుందని ఎవరైనా చెప్పగలరు. అయితే ఈ పందెములో మొదట చేరవలసిన గుర్తు సాధారణముగా గాలికి ఎదురుగా ఉంటుంది. గాలి ఏ వైపు నుండి వస్తున్నదో ఆ వైపునకే పోవాలి! ఏ పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు. కాబట్టి కొంత దూరము ఎడమకు ఏటవాలుగా, మరి కొంత దూరము కుడికి ఏటవాలుగా, కొండ ఎక్కే బాటవలె వంకరలు తిరుగుతూ పోవాలి. పడవ అడుగున నీటిలోకి దింపిన పలక ఉంటుంది. అది పడవ పక్కకు కొట్టుకొనిపోకుండా ఆపుతుంది. గాలి పక్కకు నెట్టే బలమును తెరచాప, ఆ పలక కలిసి ముందుకు పోయే బలముగా మారుస్తాయి. హుస్సేన్ సాగర్ చుట్టూ పెద్ద కట్టడములు ఉండుటచేత గాలి ఒక్క తీరుగా రాదు. దానిని కనిపెట్టుకొని ఉండడమే ఇక్కడి నైపుణ్యము.

పందెము మొదలయ్యే తీరు కూడా వింతగా ఉంటుంది. ఒక పెద్ద పడవకు, నీటిలో తేలే ఒక గుర్తుకు మధ్య కంటికి కనబడని గీత ఉంటుంది. 5 నిమిషములు ముందు ఒక జెండా ఎగురుతుంది. 4 నిమిషములు ముందు ఇంకొకటి. 1 నిమిషము ముందు ఆ రెండవ జెండా దిగుతుంది. సమయము కాగానే మొదటి జెండా కూడా దిగి పందెము మొదలవుతుంది. జెండాతోపాటు కూత కూడా వేస్తారు. అయినా లెక్క జెండాదే. నీటి మీద పడవను బ్రేకు వేసి ఆపలేము గదా! అందుచేత అందరూ గీత వెనుక అటూ ఇటూ తిరుగుతూ సరిగ్గా ఆ క్షణమునకు గీత దాటాలని చూస్తారు. తొందరపడి ముందే దాటినవాడు వెనుకకు వచ్చి మళ్ళీ బయలుదేరాలి.

ఆ పెద్ద పడవ మీద గడియారము పట్టుకొని కూర్చున్నవారు ఎవరో తెలుసా? లోకములో అనేక క్లబ్బులలో ఆ పనిని సభ్యులే వంతులవారీగా చేస్తారు. ఈ వారము పందెమాడినవాడు వచ్చే వారము గుర్తులు వేస్తాడు, జెండాలు ఎత్తుతాడు, రక్షణ పడవ నడుపుతాడు. తన పందెము మానుకొని ఇతరుల పందెము జరిపిస్తాడు. ఇట్లా చేసేవారు లేకపోతే ఏ క్లబ్బూ నెల రోజులు నడవదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కబడ్డీ ఆటలో ఈల వేసేవాడు ఉంటాడు. క్రికెట్‌లో వేలెత్తేవాడు ఉంటాడు. తెరచాప పందెములో అట్లాంటివాడు మామూలుగా ఉండడు. పెద్ద పోటీలలో కొన్ని తప్పులను పట్టుకొనుటకు జడ్జీలు పడవలలో తిరుగుతారు. కాని వారాంతపు క్లబ్బు పందెములో ఎవరి తప్పు వారే ఒప్పుకోవాలి. గాలి ఎడమ వైపు నుండి తగులుతున్న పడవ, కుడి వైపు నుండి తగులుతున్న పడవకు దారి ఇవ్వాలన్నది మొదటి నియమము. ఇవ్వక అడ్డము వచ్చినవాడు పక్కకు తొలగి, తన పడవను అక్కడికక్కడే రెండు చుట్లు తిప్పాలి. గుర్తును తాకితే ఒక చుట్టు చాలు. ఆ చుట్లు తిరిగేలోపు ఇద్దరు ముగ్గురు దాటిపోతారు. అయినా తిరగవలసినదే. చుట్లు తిరిగినవానికి ఆ తప్పు అక్కడితో తీరిపోయినట్టే, తిరిగి పందెములో కలుస్తాడు. నేను చూస్తుండగా ఒక అమ్మాయి, పన్నెండేండ్లు ఉంటాయేమో, గుర్తును తాకి, ఎవరూ ఏమీ అనకముందే గిర్రున ఒక చుట్టు తిరిగినది. ఆ గుర్తు దగ్గర ఆ సమయమున ఇంకొక పడవ లేదు. తాకలేదని ఊరుకున్నా అడిగేవారు లేరు.

ఒప్పుకోనివాని సంగతి ఏమిటి? రెండవవాడు వెంటనే "ప్రొటెస్ట్" అని కేకవేయాలి. ఒడ్డుకు వచ్చిన తరువాత కాగితము మీద వ్రాసి ఇవ్వాలి. అప్పుడు పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి, సాక్షులను విని తీర్పు చెబుతారు. నీటి మీద తగవులాడరు. మన ఊళ్ళలో పొలము గట్టు తగాదాలు కూడా ఇట్లాగే తీరితే ఎంత బాగుండును!

నియమముల పుస్తకములో దారి ఇచ్చుటను గూర్చిన సంగతులకంటె ముందు మరొక నియమము ఉన్నది. ఆపదలో ఉన్న మనిషికి గాని, పడవకు గాని ప్రతి పోటీదారుడు తన చేతనైనంత సహాయము చేయాలి అనేది దాని సారాంశము. ఇది మంచి సలహా కాదు, నియమము. సహాయము చేసినందువలన వెనుకబడితే, ఆ నష్టమును సరిచేయమని అడిగే హక్కు కూడా ఉన్నది.

ఈ నియమము ఎంత దూరము పోతుందో 1988లో లోకము చూచినది. ఆ సంవత్సరము సియోల్ ఒలింపిక్స్ జరుగగా, పడవ పందెములు కొరియాలోని పుసాన్ దగ్గర సముద్రములో జరిగాయి. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ ఫిన్ అనే పడవలో ఒంటరిగా పోటీపడుతున్నాడు. ఐదవ పందెములో రెండవ స్థానములో ఉన్నాడు. గాలి ఒక్కసారిగా చెలరేగినది. పక్కనే వేరే తరగతి పందెములో సింగపూరువారి పడవ బోల్తాపడి, ఇద్దరూ నీళ్ళలో ఉన్నారు. ఒకడు పడవకు దూరముగా కొట్టుకొనిపోతున్నాడు. లెమ్యూ తన పందెము విడిచి వారివైపు తిరిగాడు. ఇద్దరినీ పైకి లాగి, మరొక పడవ వచ్చి వారిని తీసుకొనిపోయే వరకు అక్కడే ఉండి, అప్పుడు పందెమునకు తిరిగి వచ్చాడు. అప్పటికి చాలామంది దాటిపోయారు. అతడు ఆగినప్పుడు ఏ స్థానములో ఉన్నాడో ఆ రెండవ స్థానమునే న్యాయనిర్ణేతలు అతనికి ఇచ్చారు. మొత్తము పోటీలో అతనికి 11వ స్థానము వచ్చినది, పతకము రాలేదు. అయితే క్రీడాస్ఫూర్తికి ఇచ్చే పియర్ ది కూబెర్తిన్ పతకముతో ఒలింపిక్ కమిటీ అతనిని గౌరవించినది. ఆనాడు ఆ తరగతిలో స్వర్ణము గెలిచినవాని పేరు ఎంతమందికి గుర్తున్నది? లెమ్యూ పేరు మాత్రము పడవవారు తమ పిల్లలకు నేటికీ చెప్పుకుంటారు.

ఇదంతా విని హుస్సేన్ సాగర్‌లో అంతా బాగున్నదని అనుకోవద్దు. కూకట్‌పల్లి నాలా నుండి ఎన్నో ఏండ్లుగా మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థములు ఈ నీటిలో కలిశాయి. శుభ్రపరచే పనులు జరిగినా కొన్ని రోజులలో వాసన భరించలేము. పందెము అయ్యాక పిల్లలు పడవలను మంచినీళ్ళతో కడిగి, తాము కూడా కడుగుకోవలసి ఉంటుంది. ఖర్చు సంగతి కూడా ఉన్నది. మంచి పడవ కొనడము రైతు కుటుంబమునకు సాధ్యము కాదు. అయినా ఆ తలుపు పూర్తిగా మూయబడలేదు. యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌వారు ప్రభుత్వ పాఠశాలల పిల్లలను, పేద కుటుంబముల పిల్లలను తీసుకొని శిక్షణ ఇచ్చుచున్నారు. వారిలో కొందరు జాతీయ పోటీలలో పతకములు గెలిచారు.

సముద్రము లేని చోటనుండి పైకి వచ్చినవారు వేరే చోట్ల కూడా ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాకు చెందిన నేహా ఠాకూర్ రైతు బిడ్డ. భోపాల్‌లో పడవ నేర్చుకున్నది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో ఐఎల్‌సీఏ-4 తరగతిలో రజత పతకము తెచ్చినది. అదే పోటీలో మన దేశమునకు చెందిన విష్ణు శరవణన్, ఎబాద్ అలీ కాంస్య పతకములు తెచ్చారు.

ఈ ఆటలో మార్కుల లెక్క కూడా తలక్రిందులుగా ఉంటుంది. మొదట వచ్చినవానికి 1, రెండవవానికి 2, పదవవానికి 10. చివరకు ఎవరికి తక్కువ వస్తే వారు గెలిచినట్టు. అనేక పందెములు జరిగితే అన్నిటికంటె చెడిన ఒక పందెమును లెక్క నుండి తీసివేస్తారు. ఒక్క దినము గాలి కలిసిరాకపోయినంత మాత్రాన ఎవరూ చితికిపోరు. అయితే నిలకడ లేనివాడు మాత్రము గెలవలేడు.

సాయంత్రము పడవలన్నీ ఒడ్డుకు చేరాక, గెలిచినవారు ఓడినవారు కలిసి తెరచాపలు మడతపెట్టారు. టీ గ్లాసులు పట్టుకొని గాలి ఎక్కడ మళ్ళినదో చేతులతో చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. "అన్నా, ఆ మలుపు దగ్గర నువ్వు ఎట్ల దాటినవే?" అని ఓడిన కుర్రవాడు గెలిచినవానినే అడుగుతున్నాడు. అతడు దాచుకోకుండా చెబుతున్నాడు.

ప్రియులారా, ఈసారి ఆస్పత్రి పని మీదనో, పెళ్ళి పని మీదనో హైదరాబాదు వెళ్ళినప్పుడు, వర్షాకాలమైతే ఒక గంట పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఒడ్డున నిలబడండి. చూచుటకు డబ్బు అక్కరలేదు. మీ పిల్లవాడు నేర్చుకుంటానంటే ముందు ఈత నేర్పించండి. రక్షణ పడవ ఉన్నదా, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినైనా నీటిలోకి పంపుతున్నారా అని అడిగి తెలుసుకోండి. ముందు ఎవరు వచ్చారో పిల్లలు వారంతట వారే చూస్తారు. ఎవరి పడవ మధ్యలో ఆగి చుట్లు తిరిగినదో, ఎందుకు తిరిగినదో మాత్రము మీరు చూపించి చెప్పండి.