జనం మధ్య బోధకుడు

మతప్రచారకుడనగానే మన విద్యార్థి మిత్రులు పెదవి విరుస్తారు. పరలోకాన్ని చూపి యీ లోకపు ఆకలిని మరపించేవాడన్న అనుమానం వారిది. ఆ అనుమానానికి చరిత్రలో ఆధారాలు లేకపోలేదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మర్రిగూడలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న నేను మాత్రం యేసును ముందుగా ఊరూరా తిరిగిన ఉపాధ్యాయుడుగానే చూస్తాను.

ఆయనకు బడి లేదు. గలిలయ పల్లెలవెంట నడిచాడు. జాలరి పడవ ఆయనకు వేదిక. విత్తనం, పులిసిన పిండి, దినకూలి ఆయన పాఠ్యాంశాలు. పండితులు శిష్యులను తమ వద్దకు రప్పించుకుంటారు. ఈయన శ్రోతలున్న చోటికి తానే పోయాడు.

కాపరిలేని గొర్రెలవలె వున్న జనాన్ని చూసి జాలిపడి ఆయన బోధ మొదలుపెట్టాడని మార్కు సువార్త ఆరవ అధ్యాయం చెబుతుంది. ఈ పోలిక నాకు కొంత ఇబ్బందిగానే వుంటుంది. గొర్రె ప్రశ్నించదు; ప్రజలు ప్రశ్నిస్తారు. కాని కథ అక్కడ ఆగలేదు. పొద్దుగూకింది. జనాన్ని పంపివేస్తే వాళ్ళ తిండి వాళ్ళే చూసుకుంటారని శిష్యులు సలహా యిచ్చారు. ఆ బాధ్యతను గురువు శిష్యులమీదనే పెట్టాడు. అద్భుతం సంగతి అలా వుంచండి. పాఠానికీ అన్నానికీ మధ్య గోడ కట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. నాకు ముఖ్యమైనది అదే.

తెలుగుదేశంలో ఈ బాట తొక్కినవారు దొరలు మాత్రమే కారు. ఒంగోలు ప్రాంతంలో తోలుపని చేసుకునే మాదిగ యర్రగుంట్ల పేరయ్య పల్లెపల్లెకూ నడిచి తనవారికి బోధించాడు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని కూలి కల్పించాడు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరవతల నిలబెట్టబడ్డ మనిషి కోరిన గౌరవం ఆ అంకె వెనక వుంది. అయినా మాల మాదిగ భేదం చర్చి గడప దాటి లోపలికీ వచ్చిందన్నది మరువరాదు.

మరో ఉదాహరణ మాకు దగ్గరిదే. 1951 ఏప్రిల్ 18న, అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వినోబా కాలినడకన వచ్చాడు. ఆయన హితబోధ చేసి వెళ్ళిపోలేదు, ఏం కావాలని అడిగాడు. దళితులు 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నాడు. అంతకుముందు అయిదేళ్ళుగా ఈ జిల్లా రైతాంగం భూమికోసం పోరాడకపోతే ఆ మాట అంత సులువుగా వచ్చేదా? బోధకుని నోట వెలువడే పాఠాన్ని చాలాసార్లు ప్రజలే ముందుగా రాసిపెడతారు.

మర్రిగూడ నీటిలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంచింది. ఈ నేలమీద జీవజలాన్నిగురించి ప్రసంగించే పాస్టరు తాగేనీటి ప్రశ్నను తప్పించుకోలేడు. వర్గచైతన్యాన్ని గురించి ఉపన్యసించే మనమూ తప్పించుకోలేము. జనం దగ్గరకు నడిచిపోవడం సగం పనే. పొద్దుగూకేవేళ వాళ్ళు అడిగేదానికి నిలబడి జవాబు చెప్పడం మిగతా సగం.