బొమ్మల రాయబారము

చదువరులు శీర్షికను జూచి ఇది పసిపిల్లల కథ యని పుట త్రిప్పివేయకుందురు గాక. దేశాంతరములందలి పాఠశాలలు ఒండొంటితో చెలిమి చేయుట యెట్లు అను ప్రశ్న ఈ సంవత్సరమున మాకు తటస్థించినది. దానిని గూర్చి ఆలోచించుచు మేము చదివినవానిలో 1927వ సంవత్సరపు బొమ్మల వృత్తాంతము మా మనస్సును విడువకున్నది. కావున దానినే ముందుగా చెప్పెదము.

సిడ్నీ గులిక్ అను అమెరికా మిషనరీ 1888లో జపానునకు పోయి యించుమించు ఇరువదియైదేండ్లు అచ్చట పనిచేసెను. ఆయన స్వదేశమునకు మరలిన కొంతకాలమునకు, 1924లో, జపానువారు వలస వచ్చి కాపురముండకుండునట్లు అమెరికాలో చట్టమైనది. జపానువారికి అది గొప్ప అవమానముగా తోచెను. పెద్దవారి మనస్సులు మార్చుట దుర్ఘటమని యెంచి గులిక్ పిల్లలను ఆశ్రయించెను. జపానులో ఏటేట మార్చి 3వ తేదీన ఆడపిల్లలకు బొమ్మల పండుగ. మన సంక్రాంతి బొమ్మలకొలువు వలెనే మెట్లు కట్టి, ఎఱ్ఱని వస్త్రము పఱచి, బొమ్మలను నిలుపుదురు. ఆ పండుగకు అమెరికా పిల్లలు తమ బొమ్మలను పంపవలెనని ఆయన సంకల్పము. పాఠశాలలును, ఆదివారపు బడులును, బాలికల సంఘములును పూనుకొని పండ్రెండు వేలకు పైగా బొమ్మలను ఓడలకెక్కించిరి. ప్రతి బొమ్మకును ఒక పేరు, ఒక ఉత్తరము, తుదకు ఒక పాస్‌పోర్టు గూడ నుండెను! తమను గడప యెక్కనీయని దేశమునుండి పాస్‌పోర్టు పట్టుకొని బొమ్మలు వచ్చినపుడు జపాను పెద్దలలో నవ్వుకొన్నవారు లేకపోలేదని మా యూహ. పిల్లలు మాత్రము నవ్వక ఎత్తుకొనిరి.

జపానులో ఈ కార్యభారమును వహించినవాడు షిబుసావా ఎయిచి అను వర్తక ప్రముఖుడు. అప్పటికే ఆయనకు ఎనుబది యేండ్లు దాటినవి. (2024లో వెలువడిన జపాను పదివేల యెన్ల నోటుమీది ముఖము ఆయనదే.) బొమ్మలు దేశమంతటను ప్రాథమిక పాఠశాలలకును, శిశువిద్యాలయములకును పంచబడెను.

మాకు మిక్కిలి నచ్చినది దీని తరువాతి భాగము. జపానువారు కృతజ్ఞతాపత్రము వ్రాసి ఊరకుండలేదు. ఆ సంవత్సరమే బడులలోని బాలికలు తలకొక సెన్, అనగా యెన్‌లో నూఱవవంతు, చందా వేసికొనిరి. ఆ ధనము తోడుగా చేయితిరిగిన శిల్పులచేత 58 పెద్ద బొమ్మలను చేయించి, పట్టుబట్టలు కట్టి, చిన్న చిన్న పెట్టెలు, తేనీటిపాత్రలు మొదలగు సామగ్రితో అమెరికాకు పంపిరి. పుచ్చుకొన్నవారు ఏడాది తిరుగకమునుపే ఇచ్చువారైరి. తీసికొనిన చేయి తలవంచుకొనలేదు.

ఆపైని జరిగినది చెప్పుటకు కష్టముగానున్నది. 1941 డిసెంబరులో ఆ రెండు దేశములకును యుద్ధము వచ్చెను. 1943 నాటికి ఆ నీలికన్నుల బొమ్మలకు శత్రువులని పేరుపడెను. పెక్కింటిని తగులబెట్టిరి, కొన్నింటిని వెదురు బల్లెములతో పొడిచిరి. అయినను కొందఱు ఉపాధ్యాయులు తమ బడి బొమ్మను ఎవరికిని చెప్పక దాచిరి. అట్లు దక్కినవి నేడు మూడువందలకు పైగా నున్నవి.

మా ఉపాధ్యాయులలో ఒకరు దీనిని విని, "పండ్రెండు వేల బొమ్మలు ఒక్క బాంబునైనను ఆపలేదు గదా" అనిరి. నిజమే, ఆపలేదు. దానిని మఱుగుపఱచి ఈ కథను చెప్పువారు మాకు గిట్టరు. గాని ఆ దాచిన ఉపాధ్యాయునికి లాభమేమి? బొమ్మను కాల్చిన యెడల మెప్పు, దాచిన యెడల ముప్పు. అయినను అతడు దాచెను. పదునాఱేండ్లు తన తరగతి పిల్లలు పేరుపెట్టి పిలిచిన బొమ్మను శత్రువనుటకు అతనికి నోరు రాలేదని మాకు తోచుచున్నది.

తరువాతి కాలమున ఇట్టి ప్రయత్నములు చాల జరిగినవి. 1953లో యునెస్కో 15 దేశములలోని 33 పాఠశాలలను ఒక కూటమిగా చేర్చెను. 2005లో ఐరోపావారు తమ పాఠశాలలను కంప్యూటరుల ద్వారా జతపఱచ మొదలిడిరి. వానిని విస్తరింపము.

మిషను పాఠశాలలకు విదేశపు చెలిమి క్రొత్త గాదు. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు చేరిన నాటినుండియు, 1843లో నోబిలు దొరగారు మచిలీపట్టణమున బడి పెట్టిన నాటినుండియు సముద్రము దాటి ధనము వచ్చుచుండెను. క్రిస్మసుకు వచ్చెడి పెట్టెలను గూర్చి మా పెద్దలు చెప్పగా వింటిమి: సబ్బుబిళ్లలు, చేతిరుమాళ్లు, ఒకప్రక్క వ్రాసిన పాత కార్డులు. పిల్లలు వరుసగా నిలిచి పుచ్చుకొని, ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వ్రాసిన కృతజ్ఞతావాక్యములను దింపి పంపెడివారట. నలువది ఉత్తరములు, ఒక్కటే మాట! ఆ దాతలను తక్కువచేయుట మా యభిప్రాయము గాదు. వారు కట్టిన గోడల నడుమనే మేమును చదువుకొంటిమి. గాని ఆ యుత్తరములలో ఒక్క ప్రశ్నయైనను ఉండెనా యని మాకు సందేహము.

ఈ యేడు మాకు ఒక విదేశ పాఠశాలనుండి వచ్చిన ఉత్తరము మర్యాదగానే యున్నది. వారు పంపదలచిన నోటుపుస్తకములు, పాత కంప్యూటరులు మొదలగువాని పట్టిక అందుండెను. మేము పంపవలసినవి మా పిల్లల ఛాయాచిత్రములు మాత్రమే. దానిని తరగతిలో చదివి వినిపింపగా, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారూ, వాళ్లు మనల్ని ఏమీ అడగలేదేమండీ?" అనెను. తరగతి యంతయు నిశ్శబ్దమైనది.

నాలుగు దినములు తర్జనభర్జనలు చేసి ప్రత్యుత్తరము వ్రాసితిమి. వస్తువులమాట ప్రస్తుతము వలదంటిమి. (దీనికి మాలో అందఱును సమ్మతింపలేదు; కంప్యూటరులు పోయెనని కొందఱికి నేటికిని కోపమే.) దానికి బదులు రెండు పాఠశాలలును ఒకే తీరు పాత్రతో వానను కొలిచి, నెలనెల లెక్కలు మార్చుకొందమని కోరితిమి. మీ యూరి త్రాగునీరు ఎచ్చటనుండి వచ్చును, వాన రానియేడు మీరేమి చేయుదురు అని అడిగితిమి. మా చెఱువు ఎండిన యేటి సంగతి పిల్లలే వ్రాసిరి. నల్లబల్లమీద ఎవరును ఏమియు వ్రాయలేదు. నిమిషములో చేరు మార్గములున్నను ఆ ఉత్తరములను కాగితముమీదనే పంపితిమి. తపాలా ఖర్చు పిల్లలు తలకింత వేసికొని భరించిరి.

అటునుండి ఇంకను జవాబు రాలేదు. జూలై నెల వానలెక్క మాత్రము బావియొద్ది పాత్రనుండి ఎత్తి, కవరులో పెట్టి, సిద్ధముగా నుంచితిమి.