పందెం కోడి ఈక, పండుగప్ప నోరు

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలో ఏ కుర్రాణ్ణి అడిగినా కోడి రంగు ఠక్కున చెబుతాడు. ఒళ్లంతా నలుపైతే కాకి, తెలుపైతే సేతువ, ఎరుపైతే డేగ. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా కలిస్తే పర్ల, లేత బంగారు ఛాయ అయితే అబ్రాసు. ఏ రంగు కోడిని ఏ రోజు వదలాలో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఉండనే ఉంది. ఈకల్ని ఇంత పట్టిపట్టి చూసేవాళ్లు లోకంలో ఇంకొకరున్నారు. ట్రౌట్ చేపల కోసం గాలానికి ఈకలు కట్టుకునేవాళ్లు. వాళ్లూ కోడి మెడను చేతిలోకి తీసుకుని, ఈక వెన్ను ఎంత సన్నం, అంచు ఎంత బిరుసు, ఎండకు పెడితే ఎలా మెరుస్తుంది అని పూటలు గడిపేస్తారు. మనవాళ్ల చూపు పందెం మీద, వాళ్ల చూపు చేప మీద.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో ఒక నది ఒడ్డున జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి, చుక్కల చేపల్ని పడుతున్నారని రాశాడు. పోయిన శతాబ్దంలో అయితే మన నాటుకోళ్ల మెడతోళ్లు ‘ఇండియన్ నెక్’ పేరుతో ఇంగ్లండుకీ అమెరికాకీ వెళ్లేవి. అంతకన్నా గొప్ప గిరాకీ బూడిదరంగు అడవికోడిది. దాని మెడ ఈకల మీద లక్క పూసినట్టు మెరిసే చుక్కలుంటాయి. 1991లో అమెరికా తపాలా బిళ్ల మీదికెక్కిన జాక్ స్కాట్ అనే సాల్మన్ ఎరలో ఉండేది ఆ చుక్కల ఈకే. ఆ కోడి దక్షిణాదిది, ఎర్ర అడవికోడి ఉత్తరాదిది. రెండింటి హద్దూ మన గోదావరి దరిదాపుల్లోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ పక్షి జోలికి పోవడమే నేరం. పోనివ్వండి, మనకు పెరటి కోడి చాలు.

ఇక ఈకకు చిక్కే చేపల మాట. పసిఫిక్ తీరపు నదుల్లో పుట్టే రెయిన్‌బో ట్రౌట్‌లో కొన్ని సముద్రంలోకి పోయి, బలిసి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదికొస్తాయి. వాటినే స్టీల్‌హెడ్ అంటారు. నదిలోకొచ్చాక వాటికి తిండి మీద పెద్దగా ధ్యాస ఉండదు. అయినా కళ్ల ముందు ఈక కదిలితే ఎందుకో కరుస్తాయి. ఈ సంగతి వినగానే కోనసీమవాడికి సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస గుర్తుకొస్తుంది. ప్రయాణం అదే, చేప మాత్రం వేరు. పులస నీటిలోని సూక్ష్మజీవుల్ని జల్లెడ పట్టుకు తినే జాతి. దానికి వలే గతి, గాలం కాదు. మా కోనసీమ తీరాన ఓడలరేవులో ఈకకు దొరకాల్సిన చేప పండుగప్ప.

గోదావరి పాయ వశిష్ఠ నుంచి చీలి, గన్నవరం మీదుగా వచ్చిన వైనతేయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఆవలి ఒడ్డు కరవాక. ఇటు సరుగుడు తోటలు, ఓఎన్‌జీసీ టెర్మినల్. పాటు మొదలై నీరు కిందికి లాగేటప్పుడు చిన్న పాయల నోళ్ల దగ్గర రొయ్యపిల్లలు కొట్టుకొస్తాయి. పండుగప్ప అక్కడ మాటు వేస్తుంది. అది కొరకదు. నోరు ఒక్కసారిగా తెరుస్తుంది, నీళ్లతో సహా ఎర లోపలికి పోతుంది. మగగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడగా మారే చేప అది. చేతికి బరువుగా తగిలే పెద్దది దాదాపుగా తల్లి చేపే. అలాంటిదాన్ని వదిలెయ్యాలన్నది నా పట్టుదల; ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

నేను కట్టే సరంజామా అమలాపురం బజారు దాటదు. టైలరు దారం, పట్టు చీర అంచు నుంచి తీసిన జరీపోగు, మేక తోక వెంట్రుకలు, ముడి ఊడకుండా గోళ్లరంగు. ఈకలకు ఖర్చే లేదు. పండగ మర్నాడు ఏ పెంటకుప్ప దగ్గర చూసినా కావలసినన్ని. అసలు కష్టం కట్టడంలో కాదు, చూడడంలో ఉంది. బతికున్న రొయ్యను గుచ్చితే ఈదే పని అదే చూసుకుంటుంది. ఈకను ఈదించాలంటే ముందు రొయ్య ఎలా ఈదుతుందో నాకు తెలియాలి. బెదిరిన రొయ్య వెనక్కి ఎగురుతుంది. అందుకే రొయ్య ఎరను తిరగేసి కడతారు: కళ్లూ మీసాలూ గాలం వంపు దగ్గర, తోక దారం ముడేసే చోట. చిన్న చేపలా కనిపించాలంటే రెండు ఈకల్నీ లోపలి వంపులు కలిసేలా కట్టాలి. వెలుపలికి విచ్చుకునేలా కడితే లాగినప్పుడల్లా కాళ్లలా ఆడతాయి. చిన్నప్పటి నుంచి రొయ్యలు తిన్నాను కానీ, అది ఎటు ఎగురుతుందో చూసింది ఈకలు కట్టడం మొదలెట్టాకే.

రేవులో వలలు బాగుచేసుకునే ఒక పెద్దాయనకి ఇదంతా వినోదం. “ఏటండి మాస్టారూ, రొయ్యలు ఎగిరిపడతా ఉంటే ఈకలు కడతారా? చేపకి రుచి తెలీదేటండి?” రుచి చూసేలోగా గాలం దిగిపోతుందన్నాను. నమ్మలేదు. కడుపు కోసం వేటకెళ్లేవాడికి ఈకల ఎర అక్కర్లేదు, అందులో ఆయనదే న్యాయం. కానీ డబ్బా మూత తియ్యగానే ఆయన చెయ్యి వల వదిలేసింది. ఒక్కో ఎరా తీసి ఎండకు తిప్పి చూశాడు. “దీన్ని సేతువ అన్నారు కదండి? కాదు, పింగళ. ఇక్కడ గోధుమరంగు చూడండి. ఈ డేగ ఈక ముసలి కోడిది, పస లేదు.” అంతా చూసి తీర్పు చెప్పాడు: “వరదనీళ్లలో తెల్లది ఏం కనబడుద్దండి? కాకి కట్టండి.”

బురదనీటిలో ముదురు రంగే ఆకారం పట్టిస్తుందని ట్రౌట్ వేటగాళ్లూ అంటారు. ఆయన మాత్రం డబ్బా మూసి, “పులసకి ఏది కట్టినా దండగేనండి, ఆయ్” అంటూ వల అందుకున్నాడు.