బుజ్జికి తోడెవరు?

‘777 చార్లీ’ (2022) చూశారుగా! హీరోగారు కుక్కను బండి పక్క తొట్టిలో కూర్చోబెట్టుకుని మంచు చూపించడానికి చక్కా బయల్దేరాడు. మా బొచ్చుకుక్క బుజ్జిని హైదరాబాదు నుంచి జర్మనీలో అక్క దగ్గరికి పంపాలంటే మాత్రం నాకు తల ప్రాణం తోకకొచ్చింది. (తోక బుజ్జిదే అనుకోండి!)

డబ్బిస్తే కుక్కను వెంటబెట్టుకు వెళ్లే మనిషి దొరికాడు. విమానం వాళ్ల షరతులు సులువే: ఆయన టికెట్‌తోపాటే బుజ్జికీ ముందస్తు బుకింగ్, బుట్టతో సహా బరువు. చిప్ వేయించాం. రేబిస్ టీకా, 30 రోజులాగి రక్తపరీక్ష, ఆపైన 3 నెలల నిరీక్షణ. అన్నీ అయ్యాక తెలిసింది అసలు మెలిక! యూరోపియన్ యూనియన్ రూలు ప్రకారం తోడు మనిషికి యజమాని రాతపూర్వకంగా అనుమతివ్వాలి. అంతేకాదు, కుక్క ప్రయాణానికి ముందో వెనకో 5 రోజుల్లోగా యజమానీ ప్రయాణం చెయ్యాలి. లేదంటే అది వ్యాపారం కింద లెక్క, రూల్సన్నీ వేరు.

అక్క వెళ్లి అప్పటికే 5 నెలలు.

“వ్యాపారమేంట్రా? అది నా బుజ్జిరా!” అని ఫోన్లో ఏడ్చేసింది. నాకు నోట మాట రాలేదు.

తోడు మనిషికిచ్చిన అడ్వాన్సు పోతే పోయింది. సెలవు పెట్టి వచ్చే నెల అక్కే వస్తోంది. బుజ్జి ఇంకా అక్క పాత చెప్పుల మీదే పడుకుంటోంది.