మేత ఎక్కువ, గాలి తక్కువ

మొన్న వర్షాకాలంలో మా అమ్మాయిని వెంటబెట్టుకుని, కైకలూరు దగ్గర వున్న మా మామయ్య చేపల చెరువుకు వెళ్ళాను. నాలుగు రోజులుగా మబ్బు వదలలేదు. తెల్లవారుజామున గట్టుమీదికి పోయి చూస్తే, చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మామయ్య పాలేరును కేకవేసి, ‘‘ఇవాళ మేత వెయ్యకు. ముందు నీళ్ళు చిలికే మిషను తిప్పు!’’ అన్నాడు.

‘‘అవి ఆకలితో నోళ్ళు తెరుస్తుంటే మేత వద్దంటావేం, తాతయ్యా?’’ అని మా అమ్మాయి అడిగింది.

‘‘అది ఆకలి కాదమ్మా, వాటికి ఊపిరాడటం లేదు. ఎండ లేకపోతే నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగా తయారుచెయ్యలేదు. ఇప్పుడు మేత వేస్తే అది కుళ్ళి, వున్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. మేత ఎక్కువై గాలి తక్కువైతే చెరువంతా చస్తుంది’’ అన్నాడు మామయ్య.

ఆ సాయంత్రమే ఏలూరు బయలుదేరాం. కొల్లేరు మధ్యగా పోయే రోడ్డుమీద, ఐసులో చేపలు వేసుకుపోతున్న లారీ ఒకటి అడ్డువచ్చింది. దాన్ని దాటుదామని యాక్సిలరేటరు నొక్కాను. కారు ముక్కిందే తప్ప ముందుకు దూకలేదు. పెట్రోలు వాసన గుప్పుమన్నది. మా అమ్మాయి వెనక్కు తిరిగి చూసి, ‘‘నాన్నా, నల్లటి పొగ! మన కారుకు కూడా మేత ఎక్కువైనట్టుంది!’’ అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. కాని తెలియకుండానే ఆ పిల్ల రోగం పేరు చెప్పేసింది.

ఇంజనుకు పెట్రోలు మేత అయితే, గాలి ఊపిరి. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే ఒక చిన్న గది నిండా వున్న గాలి! గాలి చాలకపోతే మండని పెట్రోలు మసి అయి, పొగ అయి బయటికి పోతుంది.

మా కారులో టర్బో అనే సాధనం వుంది. పిల్లలు తాటాకు గాలిమర పట్టుకుని పరుగెత్తితే అది గిర్రున తిరుగుతుంది గదా? అలాగే ఇంజను వదిలే వేడి పొగ టర్బోలోని చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన వున్న చక్రం, బయటి గాలిని అదిమి ఇంజనులోకి తోస్తుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరగగలవు. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ ఈ ఉపాయానికి పేటెంటు పొందాడు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడి విమానాల ఇంజన్లు నీరసపడేవి. అందుకని 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్, 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరం మీదికి విమానపు ఇంజనును చేర్చి, టర్బోతో దాని బలాన్ని నిలబెట్టి చూపాడు.

ఏలూరులో ఒక మెకానిక్కు మా కారు చూసి, ‘‘టర్బో పోయింది. కొత్తది వెయ్యాలి. 60,000 రూపాయలు అవుతుంది’’ అన్నాడు. నాకు గుండె జారింది, ఆపైన కోపం వచ్చింది. నెల కిందట తాడేపల్లిగూడెంలో మా పాత మేస్త్రి కారుకు సర్వీసింగు చేశాడు. వెంటనే ఆయనకు ఫోను చేసి, ‘‘మీరు ముట్టుకున్నాకే ఇలా అయింది. నా టర్బో చెడగొట్టారు!’’ అని మా అమ్మాయి ఎదుటే కేకలు వేశాను. ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ‘‘ఒకసారి తీసుకురండి, చూద్దామండి’’ అన్నాడు.

మర్నాడు తాడేపల్లిగూడెం వెళ్ళాం. మేస్త్రి కారుకు ఒక చిన్న యంత్రం తగిలించి, నన్ను కూడా ఎక్కించుకుని రోడ్డుమీద తోలాడు. ఇంజను కోరిన గాలి వత్తిడి 0.8 బార్. వచ్చినది 0.2 మాత్రమే. మిక్స్చరులో పెట్రోలు ఎక్కువగా వున్నదని కూడా ఆ యంత్రం చూపింది.

తిరిగి వచ్చాక ఆయన మా అమ్మాయితో, ‘‘రెండు తప్పులున్నాయమ్మా. గాలి వత్తిడి తక్కువ, పెట్రోలు ఎక్కువ. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతున్నదనుకో. అప్పుడు పెట్రోలు ఎక్కువవుతుంది, కాని గాలి వత్తిడి ఎందుకు పడిపోతుంది? పోనీ టర్బోయే నీరసించిందనుకో. ఈ కారులో గాలిని తూచే సాధనం ఫిల్టరు పక్కనే వుంది. లోపలికి వచ్చే గాలి తగ్గితే అది తగ్గిందనే చెబుతుంది, కంప్యూటరు పెట్రోలు కూడా తగ్గిస్తుంది. అప్పుడు పొగ రాదు. మరి రెండూ కలిసి ఎప్పుడు వస్తాయి?’’ అని అడిగాడు.

మా అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, ‘‘తూచిన తరవాత గాలి ఎక్కడో కారిపోతే!’’ అన్నది.

‘‘అంతేనమ్మా! తూచిన గాలికి సరిపడా పెట్రోలు పడుతుంది, గాలి మాత్రం ఇంజనుకు చేరదు. ఇంజను ఊరికే తిరిగేటప్పుడు గొట్టంలో వత్తిడి వుండదు, కనక కారు బాగానే వుంటుంది. బరువు పడితేనే రోగం బయటపడుతుంది’’ అన్నాడు మేస్త్రి.

ఆయన ఇంజను ఆపి, టర్బోలోకి గాలిపోయే మూతికి బిరడా బిగించి, టైర్లకు గాలికొట్టే కంప్రెసరుతో కొద్ది వత్తిడిమీద గాలి పంపాడు. (ఇది పెద్దలు చెయ్యవలసిన పని. వత్తిడి ఎక్కువైతే బిరడా తూటాలాగా ఎగురుతుంది.) తరవాత గొట్టాల పొడుగునా సబ్బునీళ్ళు చల్లాడు. ఒక క్లిప్పు కింద బుడబుడమని బుడగలు లేచాయి. విప్పి చూస్తే, రబ్బరు గొట్టం క్లిప్పు అంచు వెంబడే తెగివుంది.

‘‘దీన్ని ఇంత గట్టిగా బిగించిందెవరండి?’’ అన్నాడు మేస్త్రి.

నాకు చప్పున జ్ఞాపకం వచ్చింది. సర్వీసింగు అయిన పది రోజులకు, ఆ అతుకు దగ్గర కొంచెం నూనె చెమ్మ కనిపించింది. మేస్త్రిని అడగకుండా నేనే స్క్రూడ్రైవరు తీసుకుని, బలమంతా వుపయోగించి క్లిప్పు బిగించాను. ఎంత బిగిస్తే అంత మంచిదనుకున్నాను!

మా అమ్మాయి నాకేసి చూస్తున్నది. అబద్ధమాడటానికి నోరు రాలేదు. ‘‘నేనే, మేస్త్రిగారూ. నిన్న మిమ్మల్ని అనరాని మాటలన్నాను, క్షమించండి’’ అన్నాను.

ఆయన నవ్వి, ‘‘బుడగలు ఎవరి పేరూ చెప్పవండి. మీరే చెప్పారు, అది చాలు’’ అన్నాడు.

కొత్త గొట్టానికి, కూలికి అయిన ఖర్చు టర్బో ఖరీదులో పదో వంతు కూడా లేదు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపివుంటే, మండని పెట్రోలు పొగను శుభ్రపరిచే భాగాన్ని కూడా చెడగొట్టేదట.

తిరుగుదారిలో కారు హాయిగా పరుగెత్తింది. ఏలూరు చేరబోతుండగా మామయ్య ఫోను చేశాడు. మబ్బు విడిచి ఎండ కాసిందట, చేపలన్నీ అడుక్కు దిగాయట.

‘‘ఇక మేత వెయ్యవచ్చు, తాతయ్యా!’’ అన్నది మా అమ్మాయి.