ఇక ‘పా’ అని పిలవకు

1973లో వచ్చిన ‘ది డే ఆఫ్ ది డాల్ఫిన్’ సినిమాకి పోస్టరు మీదే కథంతా చెప్పేశారు. తనకి తెలీకుండానే ఒకాయన అమెరికా అధ్యక్షుణ్ణి చంపడానికి ఒక డాల్ఫిన్‌ని తయారుచేశాడట. సగం సినిమా అయ్యాక తెలియాల్సిన సంగతి హాలు బయటే తెలిసిపోయింది. పైగా ఆ ఒక్క ముక్క వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అప్పటి సమీక్షకులూ బాగానే నవ్వుకున్నారు. ‘ది గ్రాడ్యుయేట్’ లాంటి సినిమా తీసిన మైక్ నికల్స్, దాని రచయితల్లో ఒకడైన బక్ హెన్రీ, ఇద్దరూ కలిసి మాట్లాడే డాల్ఫిన్ల సినిమా తీయడమేంటి అని. నిజానికి ఇది రోమన్ పొలాన్‌స్కీ చేయాల్సిన సినిమా. 1969 ఆగస్టులో ఆయన లండన్‌లో ఈ పని మీదే ఉండగా లాస్ ఏంజెలెస్‌లో ఆయన భార్య షారన్ టేట్‌ని హత్య చేశారు. సినిమా చేతులు మారింది.

నవ్వుకోవడానికి సరంజామా ఉన్న మాట నిజమే. కుట్ర భాగం నీరసంగా నడుస్తుంది. ఎవరు ఎవరి తరఫు గూఢచారో గుర్తుపెట్టుకునే ఓపిక ఉండదు. నేను ఈ సినిమాని వదల్లేకపోవడానికి కారణం ఆ కుట్ర కాదు. అది మొదలవ్వడానికి చాలా ముందే వచ్చే ఒక భాగం.

డాక్టర్ జేక్ టెరెల్ (జార్జ్ సి. స్కాట్) ఒక ద్వీపంలో పరిశోధన చేస్తుంటాడు. ఆల్ఫా అనే డాల్ఫిన్‌ని తన దగ్గరే పెంచి, ఇంగ్లీషు ముక్కలు నేర్పిస్తాడు. దాన్ని ముద్దుగా ‘ఫా’ అంటాడు. అది ఈయన్ని ‘పా’ అంటుంది. తోడు కోసం బీటా అనే ఆడ డాల్ఫిన్‌ని తెస్తారు. అంతే, ఫా మళ్ళీ తన భాషలోకి వెళ్ళిపోతుంది. ఈలలు, కిచకిచలు. జతగత్తె పక్కనుంటే ఇంగ్లీషుతో దానికేం పని? అప్పుడు టెరెల్ ఆ రెంటినీ విడదీస్తాడు. మాట్లాడితేనే కలవనిస్తాడు. ఫా అడ్డుగోడని ఢీకొట్టి, గోల చేసి, చివరికి మాట్లాడుతుంది. అందరూ సంబరపడతారు. చూసే మనమూ పడతాం. ఆ సంబరంలో ఒక విషయం ఎవరికీ తట్టదు: ఇక్కడ జరిగింది బెదిరింపు. ప్రేమించిన ప్రాణిని చూపించి మాట రాబట్టుకున్నారు.

ఆ తర్వాత టెరెల్‌కి డబ్బిచ్చే ఫౌండేషన్ వాళ్ళే డాల్ఫిన్లని ఎత్తుకుపోతారు. ఎత్తుకుపోవడం కూడా కష్టమేం కాదు. టెరెల్ బృందంలోనే వాళ్ళ మనిషి ఉన్నాడు. వాటికి తెలిసిన మనిషి. ఇక అధ్యక్షుడి పడవ అడుగున మైన్ అంటించడం నేర్పడమే తరువాయి. వాళ్ళు కొత్తగా కనిపెట్టిన హింస ఏదీ లేదు. మనిషి చెప్పింది చేస్తే మనిషి సంతోషిస్తాడు అన్న పాఠం టెరెల్ అప్పటికే నేర్పేశాడు. వాళ్ళు ఆఖరి వాక్యం ఒక్కటి మార్చారు.

మన సినిమాల్లో ఇలా ఉండదు. ఏనుగుకైనా కుక్కకైనా పాముకైనా విలనెవడో వాసన చూడగానే తెలిసిపోతుంది. ధర్మం జంతువుల రక్తంలోనే ఉంటుందని మన నమ్మకం. ఫాకి అలాంటి దివ్యజ్ఞానం ఏమీ లేదు. దానికి తెలిసిందల్లా నమ్మకం. (క్లైమాక్సులో మైన్ కుట్రదారుల పడవకే తగులుకుని పేలుతుందనుకోండి. అక్కడ నికల్స్ కూడా మన దారికే వచ్చాడు.)

ఇదంతా కల్పనే అని తోసేయడానికీ లేదు. సినిమాకి మూలం రాబేర్ మెర్ల్ 1967లో రాసిన ఫ్రెంచి నవల. దాని వెనక జాన్ లిల్లీ అనే అసలు శాస్త్రవేత్త నీడ ఉంది. 1965లో, కరీబియన్‌లోని సెయింట్ థామస్ ద్వీపంలో, లిల్లీ బృందంలోని మార్గరెట్ హోవ్ అనే యువతి నీళ్ళు నింపిన ఇంట్లో పీటర్ అనే డాల్ఫిన్‌తో పది వారాలు కాపురం ఉన్నట్టే ఉంది, ఇంగ్లీషు నేర్పడానికి. నాసా డబ్బిచ్చింది. డబ్బు ఆగిపోయాక పీటర్‌ని మయామీలో ఇరుకు తొట్టెలున్న మరో ల్యాబుకి మార్చారు. కొన్ని వారాలకే చనిపోయింది.

అదే ఏడాది కాలిఫోర్నియా తీరంలో టఫీ అనే నేవీ డాల్ఫిన్ సుమారు 60 మీటర్ల లోతులో ఉన్న ‘సీల్యాబ్ 2’ మనుషులకి ఉత్తరాలూ పనిముట్లూ చేరవేసింది. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! ఇంకో అయిదారేళ్ళకి వియత్నాంలోని కామ్ రాన్ బే దగ్గర డాల్ఫిన్లు కాపలా కాశాయి. 2003లో ఇరాక్‌లోని ఉమ్ కసర్ రేవులో మైన్లు వెతికాయి. దాడికి మాత్రం ఎప్పుడూ వాడలేదని నేవీ అంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్లు కుక్కల విషయంలో ఆ మొహమాటం కూడా పెట్టుకోలేదు. ట్యాంకుల కింద తిండి పెట్టి అలవాటు చేశారు. తర్వాత ఒంటికి బాంబు కట్టి వదిలారు. కాల్పుల మోతకి బెదిరిన కుక్కలు కొన్ని వెనక్కి తిరిగి, తమని పెంచిన వాళ్ళున్న కందకాల్లోకే పరిగెత్తుకొచ్చాయి. భయమేస్తే ఇంకెక్కడికి వెళ్తాయి?

మనకి ఇది అంత దూరపు సంగతేం కాదు. సంక్రాంతికి వాకిట్లోకొచ్చిన గంగిరెద్దు, అయ్యగారికి దణ్ణం పెట్టమంటే పెడుతుంది, అమ్మగారు చీరిస్తారా అంటే తలూపుతుంది. ఏమడిగినా తలూపడమే దానికి నేర్పింది. ఎవరైనా ఏం చెప్పినా సరే అనే మనిషిని గంగిరెద్దుతో పోల్చి వెక్కిరిస్తాం. తల అడ్డంగా ఊపడం దానికెవరూ నేర్పలేదన్న సంగతి మాత్రం అనుకోం. ఫా భాషలోనూ అదే కొరత. అడగడానికీ ఒప్పుకోవడానికీ మాటలున్నాయి. అబద్ధం అనే మాట లేదు.

చివర్లో టెరెల్ నేర్పేది ఆ మాట లాంటిదే. ఫౌండేషన్‌ని నడిపించినవాళ్ళు ఇంకా ఉన్నారు. విమానం వస్తోంది. డాల్ఫిన్లని సముద్రంలోకి పంపేయాలి. అవి వెళ్ళవు. పా కూడా రావాలంటాయి. ఆయన రానంటాడు. ఇక మనుషుల దగ్గరకి రావద్దు, మనుషుల మాట మాట్లాడొద్దు, పా అనేవాడు లేడనుకోండి అంటాడు. ఏళ్ళ తరబడి తను కట్టినదాన్ని రెండు నిమిషాల్లో కూలగొట్టాలి, అదీ తను నేర్పిన నాలుగు ముక్కలతోనే. తర్వాత భార్యతో కలిసి చెట్లవైపు నడిచిపోతాడు. వెనక నీళ్ళలోంచి పిలుపు వినిపిస్తూనే ఉంటుంది. ఆయన పలకడు. జార్జ్ డెలెరూ సంగీతం అక్కడ గుండె పిండేస్తుంది. ఆ సంగీతం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ముఖంలో కరుకుదనం తప్ప ఇంకేదీ దాచుకోని స్కాట్ ఆ నడకలో ఏం చేశాడో మాటల్లో పెట్టలేను.

2019 ఏప్రిల్‌లో నార్వే ఉత్తర తీరంలో ఒక తెల్లటి బెలూగా తిమింగిలం జాలర్ల పడవల చుట్టూ తిరుగుతూ కనిపించింది. ఒంటికి బిగించిన పటకా, దానికి కెమెరా అమర్చే చోటు, బకిల్ మీద ‘ఎక్విప్‌మెంట్ సెయింట్ పీటర్స్‌బర్గ్’ అని అక్షరాలు. రష్యా సైన్యం పెంచిందేనని చాలామంది అనుమానం. రష్యా మాత్రం మాదేనని ఎప్పుడూ చెప్పలేదు. నార్వేవాళ్ళు ‘హ్వాల్దిమీర్’ అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో హ్వాల్ అంటే తిమింగిలం, వెనక వ్లాదిమీర్. పటకా విప్పేశారు. సముద్రమంతా దానిదే. అయినా అది ఎటూ పోలేదు. ఎవరో ఒకావిడ ఫోను నీళ్ళలో పడిపోతే అడుగుదాకా వెళ్ళి, నోట కరుచుకొచ్చి ఇచ్చింది. ఆ వీడియో మనందరం చూసి మురిసిపోయాం. అయిదేళ్ళు అలాగే తీరం వెంబడి, పడవల వెంబడి, మనుషులెక్కడుంటే అక్కడ తిరిగింది. 2024 ఆగస్టు 31న రిసావికా దగ్గర నీళ్ళ మీద తేలుతూ కనిపించింది.